ప్రజాభవనములలో విద్యుత్తు: పొదుపు, సౌరోత్పత్తి

స్థానిక ప్రభుత్వముల యాజమాన్యమందలి భవనములలో విద్యుత్తును పొదుపుగా వాడుట యెట్లు, వాడక తప్పని విద్యుత్తును సూర్యరశ్మినుండి పొందుట యెట్లు అను ప్రశ్నను చర్చించువారు సాధారణముగా మహానగరముల సచివాలయములను, గాజుగోడల మేడలను మనస్సునందుంచుకొని చర్చింతురు. కాని మన దేశమున ప్రజల సొత్తయిన భవనములలో అధికసంఖ్యాకములు అట్టివి కావు. జగిత్యాల జిల్లాలోని కొడిమ్యాల వంటి మండలకేంద్రమును తలచుకొన్నచో గ్రామపంచాయతి కార్యాలయము, మండలపరిషత్తు, తహసీలు కచేరి, ఆరోగ్యకేంద్రము, పాఠశాలలు, అంగన్‌వాడీలు, రైతువేదిక మనకు గోచరించును. వీనిలో ప్రతిదియు చిన్నదే. దేని కరెంటు బిల్లును జిల్లా అధికారి కంటికి ఆనునంతటిది కాదు. అయినను తెలంగాణమున 2018లో గ్రామపంచాయతుల సంఖ్య 12,751కి పెరిగినదనియు, 2020 ప్రాంతమున 2,601 రైతువేదికలు కట్టబడినవనియు జ్ఞాపకమునకు తెచ్చుకొన్నచో, ఈ చిన్న కప్పుల వైశాల్యమును, వాని క్రింద తిరుగు ఫ్యానుల సంఖ్యను కలిపి చూచినపుడు ఏ రాజధానీ సౌధమును వీనికి సాటి రాదని తెలియును. ఈ సమీక్ష ఆ చిన్న కప్పులను గురించినది. దేశవిదేశముల ప్రయత్నములను పరిశీలించినపుడు నాకు స్ఫుటముగా తోచిన క్రమ మొక్కటి కలదు. మొదట లెక్క, పిమ్మట పొదుపు, ఆ తరువాతనే సౌరఫలకము. ఈ క్రమము తారుమారైన చోటులందు ధనవ్యయము జరిగినంతగా ఫలము దక్కలేదు.

విద్యుత్తునకు లెక్క యుండవలెనను భావము ఈ ప్రాంతమునకు కొత్తది కాదు. కొడిమ్యాలకు ఇరుగుపొరుగైన సిరిసిల్ల సీమలో 1970లో కార్యారంభము చేసిన సహకార విద్యుత్ సరఫరా సంఘము, ప్రజలు ‘సెస్’ అని పిలుచుకొనునది, భారతదేశమున గ్రామీణ విద్యుత్ సహకారోద్యమపు తొలిసంతానములలో ఒకటి. 1969లో ఏర్పడిన రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ ఋణసాహాయ్యముతోను, అమెరికాలోని గ్రామీణ విద్యుత్ సహకారసంఘముల సమాఖ్య సలహాతోను ఆ కాలమున ఐదు సంఘములు ప్రయోగాత్మకముగా స్థాపింపబడినవి. అవి గుజరాతులోని కొడినార్, నేటి కర్ణాటకలోని హుక్కేరి, మహారాష్ట్రలోని ములా–ప్రవర, ఉత్తరప్రదేశమందలి లక్నో, మన సిరిసిల్ల. వీనిలో ములా–ప్రవర సంఘము 2011లో తన పంపిణీ బాధ్యతను కోల్పోగా, సిరిసిల్ల సంఘము నేటికిని మరమగ్గములకును, వ్యవసాయపు మోటార్లకును, ఇండ్లకును కరెంటు నందించుచున్నది. దాని పాలకవర్గమును ఎన్నుకొనువారు వినియోగదారులే. 2022 డిసెంబరులో జరిగిన సెస్ ఎన్నికలు శాసనసభ ఎన్నికలకు తీసిపోని సందడితో జరిగినవి. విద్యుత్తును వాడువారే విద్యుత్ సంస్థకు యజమానులగుట ఎంతటి విలక్షణమైన విషయమో, పెద్ద పంపిణీ సంస్థల క్రిందనే జీవించినవారికి సులభముగా అర్థము కాదు. కొడిమ్యాల ఆ సంఘపు పరిధిలోనిది కాదు. హనుమకొండ కేంద్రముగా గల ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ దానికి కరెంటు నిచ్చుచున్నది. ఐనను పొరుగున అర్ధశతాబ్దికి పైబడి నిలిచిన ఈ దృష్టాంతము, గ్రామీణులు తమ కరెంటు లెక్కను తామే చూచుకొనజాలరను వాదమును నిరాకరించుటకు చాలినది.

ప్రజాభవనములందు ఈ లెక్క ఎందులకు లోపించుచున్నది? ఇంటిలో ఫ్యాను ఆర్పక వెళ్లినచో బిల్లు కట్టువాడు ఆ యింటివాడే. కచేరిలోనో, భవనమును కట్టినది ఒక శాఖ. అందు కూర్చుండి ఫ్యానును వాడుకొనునది మరియొక శాఖ. బిల్లు చెల్లించునది ఇంకొక పద్దు. కట్టినవానికి అంచనా వ్యయము తగ్గుటయే ప్రయోజనము కావున వాడు చౌకయైన ఫ్యానును బిగించును. వాడుకొనువానికి బిల్లు కనబడదు. చెల్లించువానికి భవనము కనబడదు. పొదుపు చేసినవానికి ఆ పొదుపులో ఒక్క రూపాయియు చేరదు. పైగా ఈ యేడు బిల్లు తగ్గినచో వచ్చు సంవత్సరపు కేటాయింపు సయితము తగ్గును. ఇట్టి ఏర్పాటులో ఉద్యోగులను నిందించుట న్యాయము కాదు. దోషము ఏర్పాటుదే.

లెక్క కుదిరినచో ఏమి జరుగునో తెలుపు ఉదాహరణము భవనమునకు వెలుపల, వీధిలోనే కలదు. చిరకాలము మన పల్లెలలో వీధిదీపములకు ప్రత్యేకమైన తీగ లేకుండెను. ఇండ్లకు పోవు తీగనుండియే దీపమునకు కరెంటు తీసికొనుటచే, దానిని ఆర్పుటకు మీట యుండదు. మిట్టమధ్యాహ్నము మండుటెండలో వీధిదీపములు వెలుగుచుండుటను మనమందరము చూచినవారమే. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన ముప్పదిరోజుల ప్రణాళికలోను, దానిని అనుసరించిన పల్లెప్రగతిలోను, వీధిదీపములకు మూడవ తీగను లాగుట, మీటర్లను బిగించుట, పాత దీపముల స్థానమున ఎల్.ఇ.డి. దీపములను పెట్టుట అను పనులు చేపట్టబడినవి. ఈ మూటిలో పత్రికల కెక్కినది ఎల్.ఇ.డి. దీపము, నా అభిప్రాయమున అసలైన సంస్కరణము ఆ మూడవ తీగయు, దాని చివరనున్న మీటరును. రేయింబవళ్లు వెలుగు ఎల్.ఇ.డి. దీపము, రాత్రిమాత్రమే వెలుగు పాత దీపము కాల్చినంత కరెంటును దాదాపుగా కాల్చగలదు.

ఇక భవనములలోనికి వత్తము. ఉత్తర తెలంగాణపు వేసవిలో జగిత్యాల జిల్లా ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటుట అపూర్వము కాదు. పూర్వులు కట్టిన డంగుసున్నపు మందపు గోడల మిద్దెలును, గూనపెంకుల భవంతి ఇండ్లును ఈ ఎండను ఎదుర్కొనుటకై పుట్టిన నిర్మాణములు. నడుమ వాకిలి విడిచి, వేడిగాలి పైకి పోవుటకు దారి యిచ్చి, వసారాలతో గోడలను నీడలో నుంచిరి. గత కొన్ని దశాబ్దములలో ప్రభుత్వములు కట్టిన చిన్న కార్యాలయములు ఇందుకు భిన్నముగా, పలుచని ఇటుకగోడలపై నాలుగైదు అంగుళముల కాంక్రీటు కప్పుతో, పడమటి గోడకు నీడలేక నిలిచినవి. ఆ కప్పు పగలంతయు వేడిని త్రాగి సాయంకాలమునకు గదిలోనికి క్రక్కును. అట్టి గదిలో ఫ్యాను వేడిగాలినే త్రిప్పును, పిమ్మట ఏ.సి. కొనవలెనను కోరిక కలుగును, ఏ.సి. వచ్చిన పిదప కరెంటు బిల్లును ఆపగలవాడు లేడు. కావున ప్రజాభవనమున పొదుపు ప్రారంభము కావలసినది యంత్రమునందు కాదు, కప్పునందు.

ఈ సత్యమును గుర్తించిన ప్రభుత్వ యత్నము 2023 ఏప్రిలు 3న నాటి పురపాలక మంత్రియు సిరిసిల్ల శాసనసభ్యులునగు కె. తారక రామారావు ప్రకటించిన తెలంగాణ చల్లని కప్పుల విధానము. సూర్యరశ్మిని త్రిప్పికొట్టు తెల్లని పూతలు, పెంకులు, పొరలతో 2028–29 నాటికి రాష్ట్రమున 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచవలెననియు, అందు 200 హైదరాబాదులోను, మిగిలిన 100 ఇతర ప్రాంతములలోను ఉండవలెననియు దాని లక్ష్యము. ప్రభుత్వభవనములన్నిటికిని, నివాసేతర భవనములకును, ఆరువందల చదరపు గజములకు మించిన స్థలమందలి నివాసములకును ఇది విధిగా చెప్పబడినది. ఈ విధానమందలి గొప్పతనము దాని సరళత్వము. కప్పుపై తెల్లపూత పూయుటకు ఇంజనీరు అక్కరలేదు, దిగుమతి అక్కరలేదు. గ్రామమందలి సున్నము వేయు మేస్త్రీయే చాలును. ప్రతి రెండు మూడేండ్లకు పూతను కడిగి పునరుద్ధరింపవలెనన్న జ్ఞానము మాత్రము ఉండవలెను. దుమ్ము పట్టిన తెల్లకప్పు క్రమముగా బూడిదకప్పగును. హరితహారము క్రింద నాటిన మొక్కలలో కొన్నిటినైనను పాఠశాలలకును కచేరీలకును పడమటి దిక్కున, గోడపై మధ్యాహ్నపు నీడ పడునట్లు నాటియుండినచో, చెట్టు కేవలము అలంకారము గాక భవనమునందలి ఒక అంగమై యుండెడిది. పంచాయతీల నిధులలో పదవవంతు పచ్చదనమునకు కేటాయింపవలెనని 2018 పంచాయతిరాజ్ చట్టము చెప్పుచున్నది కావున ధనమునకు కొరత లేదు.

కప్పు చల్లబడిన తరువాత యంత్రముల సంగతి. మామూలు సీలింగు ఫ్యాను రమారమి 75 వాట్లు తీసికొనగా, కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను ముప్పది వాట్లతో అంతే గాలి నిచ్చును. 2023 జనవరినుండి సీలింగు ఫ్యానులకు నక్షత్రచిహ్నము తప్పనిసరియైనది. పాత నలుబది వాట్ల ట్యూబులైటు తన చోకుతో కూడి యాబది వాట్లు దాటగా, ఎల్.ఇ.డి. ట్యూబు ఇరువదితో సరిపెట్టును. ఒక కార్యాలయమున ఇరువది ఫ్యానులును ముప్పది ట్యూబులును కలవనుకొందము. దినమునకు ఎనిమిది గంటలు, ఏడాదికి 250 దినములు అవి పనిచేయుననుకొందము. వీనిని మార్చుటవలన ఏటా మిగులు కరెంటు రమారమి 3,700 యూనిట్లు. మన ఎండలో ఒక కిలోవాటు సౌరఫలకము ఏటా 1,400 నుండి 1,500 యూనిట్ల వరకు ఉత్పత్తి చేయును. అనగా ఆ ఫ్యానులను దీపములను మార్చుట, కప్పుపై రెండున్నర కిలోవాట్ల ఫలకములను అదనముగా నిలుపుటతో సమానము. దీనికి కప్పుపై చోటు అక్కరలేదు, కడుగుట అక్కరలేదు, రాత్రియు మబ్బుదినమును సయితము పనిచేయును. పొదుపును ముందు చేసినచో కావలసిన ఫలకముల సంఖ్యయే తగ్గును. ఫలకములను ముందు పెట్టి పిదప ఫ్యానులు మార్చినచో, మొదట పెట్టిన వ్యయములో కొంత అనవసరమైనదని తేలును.

ఆ చల్లని కప్పుల విధానము తప్ప, మన ఇంధన శాసనములు ఈ చిన్న భవనములను చేరలేదు. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టము క్రింద 2007లో వెలువడి 2017లో సంస్కరింపబడిన భవనస్మృతి, నూరు కిలోవాట్ల అనుసంధానిత భారము లేక 120 కె.వి.ఎ. ఒప్పంద గిరాకి గల పెద్ద వాణిజ్యభవనములకు ఉద్దిష్టమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014 జనవరిలో దానిని స్వీకరించినపుడు వేయి చదరపు మీటర్ల స్థలమును లేక రెండువేల చదరపు మీటర్ల నిర్మాణమును మేరగా పెట్టినది. 2021 జూలైలో సిరిసిల్లయందును, 2022 డిసెంబరులో జగిత్యాలయందును ప్రారంభింపబడిన సమీకృత కలెక్టరేటులు ఆ కొలతకు అందునవే. పంచాయతి కార్యాలయము, రైతువేదిక, ఆరోగ్య ఉపకేంద్రము అందవు. పెద్ద భవనమునకు నియమము, చిన్న భవనమునకు స్వేచ్ఛ అను ఈ న్యాయము ప్రైవేటు గృహస్థు విషయమున సబబు కావచ్చును. ఒకే నమూనా పటముతో వేలకొలది భవనములను ప్రభుత్వమే కట్టునపుడు సబబు కాదు. నమూనా పటమునందు పడమటి కిటికీని ఒక్కసారి సవరించినచో వేలకొలది గోడలు సవరింపబడును. రైతువేదికలు కట్టినపుడు ఆ అవకాశము మనకు కలిగినది. పునః కలుగునపుడు విడువరాదు.

సౌరశక్తి విషయమున ప్రజాభవనములకు ఇండ్లకు లేని సహజమైన అనుకూలత యున్నది. ఇంటివారు కరెంటును అధికముగా వాడునది సూర్యుడు క్రుంకిన తరువాత. కచేరియు పాఠశాలయు వాడునది సూర్యుడు నడినెత్తిన నున్నపుడు. ఉత్పత్తియు వాడుకయు ఒకే వేళ జరుగుటచే బ్యాటరీల భారము లేదు. కాని పాఠశాల విషయమున ఒక చిక్కు గలదు. ఫలకములు మిక్కిలిగా పనిచేయు ఏప్రిలు చివరినుండి జూన్ రెండవ వారము వరకు తెలంగాణ బడులకు సెలవులు. ఆ యేడు వారముల ఉత్పత్తియు, ఆదివారముల ఉత్పత్తియు గ్రిడ్డునకు చేరి బిల్లులో జమ కావలెనన్నచో నెట్ మీటరు తప్పదు. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములు, వాని పిదపటి సవరణలు, ఇందుకు దారి సుగమము చేసినవి. ప్రభుత్వ వసతిగృహములకును గురుకులములకును రాత్రివాడుక అధికమగుటచే వాని లెక్క వేరు. ఆరోగ్యకేంద్రమున టీకాలను ఉంచు శీతలపేటిక రేయింబవళ్లు నడువవలసినదే కావున దానికి కొంత బ్యాటరీ తప్పదు.

ఇచ్చట ప్రజలకు విశదముగా చెప్పవలసిన విషయ మొకటి కలదు. గ్రిడ్డుతో కలిసి పనిచేయు ఇన్వర్టరు, లైన్‌మెన్ ప్రాణరక్షణకొరకు, గ్రిడ్డున కరెంటు పోగానే తానును ఆగిపోవునట్లు నిర్మింపబడినది. పైన ఎండ మండుచుండ, ఫలకములు నిలిచియుండ, క్రింద కచేరిలో ఫ్యానులు ఆగినపుడు ‘సోలారు చెడిపోయిన’దని జనులు అనుకొని నిరుత్సాహపడుదురు. కరెంటు పోయినపుడును పని జరుగవలెనన్నచో మొదటనే వేరు ఏర్పాటును కోరవలెను. ఫలకములు వేడికి ఓర్వవు; పాతిక డిగ్రీలను మించి ఫలకము వేడెక్కు ప్రతి డిగ్రీకి వాని శక్తి సుమారు నూటికి 0.35 నుండి 0.4 పాళ్లు తగ్గును. కావున కప్పునకు అంటించక గాలి ఆడునట్లు ఎత్తున నిలుపవలెను. తెల్లకప్పుపై నిలిపిన ఫలకము నల్లకప్పుపై నిలిపినదానికంటె కొంత చల్లగా నుండును. కొండగట్టు పరిసరములలోను ఆ చుట్టుప్రక్కల పల్లెలలోను కోతుల బెడద ఎరుగనివారు లేరు. తీగలను గొట్టములలో నడుపక, ఫలకములకు జాలి రక్షణ కల్పింపక చేసిన పని అచ్చట ఒక ఋతువైనను నిలువదు. ఈ మాట ఏ రాజధానిలోని టెండరు పత్రమునందును కనబడదు, స్థానికులే వ్రాయింపవలెను.

తెలుగుదేశమున జరిగిన ప్రయత్నములలో మన ప్రశ్నకు దగ్గరగా వచ్చునవి కొన్ని కలవు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణపు దీపస్తంభములను కూల్చిన పిమ్మట ఆ నగరపాలకసంస్థ, కేంద్ర విద్యుత్ శాఖ క్రిందనున్న ఇంధన పొదుపు సేవల సంస్థయగు ఇ.ఇ.ఎస్.ఎల్. ద్వారా తొంబదివేలకు పైగా వీధిదీపములను ఎల్.ఇ.డి.లుగా మార్చినది. 2018లో ముడసర్లోవ జలాశయముపై రెండు మెగావాట్ల తేలు సౌరకేంద్రమును నిర్మించి, చోటు లేని నగరము నీటినే చోటుగా చేసికొన్నది. మన పాత కరీంనగర్ జిల్లాలోని రామగుండమునందు ఎన్.టి.పి.సి. 2022లో నూరు మెగావాట్ల తేలు కేంద్రమును పూర్తి చేసినది. హైదరాబాదులోని సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్యకేంద్రము 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతులమీదుగా ప్రారంభమైనది. అమెరికా వెలుపల ‘లీడ్ ప్లాటినం’ గుర్తింపు పొందిన తొలిభవనము అదియే. తిరుమలలో 2002నుండి సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి అన్నప్రసాదమును వండుటకు 106 దర్పణపు పళ్లెరములను నిలిపిరి. ఇవి యన్నియు అభినందనీయములే. ఐనను కొడిమ్యాలకు ఆదర్శము కాదగినది వీనికంటె చిన్నదైన ఉదాహరణము, నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లి. ముఖ్యమంత్రి స్వగ్రామమగుటచే దానికి దొరికిన శ్రద్ధ అన్ని పల్లెలకు దొరకదన్నది నిజమే. కాని 480 ఇండ్లకు మూడేసి కిలోవాట్లు, 11 ప్రభుత్వభవనములకు కలిపి 60 కిలోవాట్లు అను అచ్చటి సౌరఫలకముల లెక్క ఒక పల్లె ప్రజాభవనముల అవసరము ఎంత స్వల్పమో చూపుచున్నది. సగటున భవనమునకు ఐదారు కిలోవాట్లు మాత్రమే! ఒక కిలోవాటునకు నూరు చదరపు అడుగుల కప్పు చాలునన్నచో ఏ పంచాయతి కార్యాలయమునకు ఆ చోటు లేదు?

ధనము ఎచ్చటినుండి రావలెను, మిగిలిన ధనము ఎవరికి చేరవలెను అను ప్రశ్నకు ఉత్తమమైన సమాధానము, నాకు తెలిసినంతలో, జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరపాలకసంస్థది. 1995నుండి ఆ నగరము తనలోనే ఒక నిధిని నెలకొల్పి, బడి, ఈతకొలను, కార్యాలయము మున్నగువాని మరమ్మతులకు నగర ఇంధనవిభాగము ద్వారా పెట్టుబడి నిచ్చి, తగ్గిన బిల్లుల సొమ్మును ఆ నిధికే తిరిగి చేర్చి, దానితో మరియొక భవనమును బాగుచేయు పద్ధతిని నడుపుచున్నది. బెర్లిన్ 1996లో చిన్న భవనములను గుంపులుగా కూర్చి, పొదుపునకు హామీ నిచ్చు సంస్థలకు ఒక్కొక్క గుంపును అప్పగించు పద్ధతిని ఆరంభించినది; ఏ గుత్తేదారును రాని చిన్న భవనము గుంపులో చేరినపుడు లాభసాటి యగును. మన దేశమున ఇ.ఇ.ఎస్.ఎల్. ఇట్టి సూత్రముతోనే ప్రభుత్వభవనములలో దీపములను ఫ్యానులను మార్చు పని చేపట్టినది. కాని స్థానికసంస్థల బకాయిలు పేరుకొనుటవలన ఇట్టి ఒప్పందములు చిక్కులలో పడుట మనము చూచినదే. పొదుపైన సొమ్ము సాధారణపు పద్దులో కలిసిపోయిన చోట గుత్తేదారునకు చెల్లింపు నిలిచిపోవుట సహజము. స్టుట్‌గార్ట్ పద్ధతి యందలి వివేకము పొదుపును వేరు ఖాతాలో నిలుపుటయే. ఒక జిల్లాపరిషత్తు తన మండలములన్నిటి చిన్నభవనములను ఒక గుంపుగా చేసి ఇట్టి ఖాతాను తెరువగలదు. దీనికి కొత్త చట్టము అక్కరలేదని నా నమ్మకము.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి ఇండ్లను, దానితోపాటు ప్రభుత్వభవనముల కప్పులనన్నిటిని లక్ష్యముగా పెట్టుకొన్నది. జిల్లాకొక ఆదర్శ సౌరగ్రామమునకు కోటి రూపాయల సాయమును చెప్పినది. ఇంతటి ధనము కదలునపుడు తొందర సహజము. ఫలకము కంటికి కనబడును, ప్రారంభోత్సవమునకు తగియుండును. చల్లబడిన కప్పును, మారిన ఫ్యానును చూచుటకు ఎవరును రారు. ఐనను ప్రజాధనమును కాపాడునది ఆ కనబడని పనియే. ఐదేండ్ల నిర్వహణకు బాధ్యుడెవడో, ఫలకములను పక్షమునకొకసారి కడుగువాడెవడో, ఇన్వర్టరు అంకెలను వ్రాసికొనువాడెవడో పేరుతో సహా నిర్ణయింపక ఏ భవనముపైనను ఫలకములు ఎక్కింపరాదు.

కొడిమ్యాల మండలమునకు ఇందుకు కావలసిన విద్యాబలము ఇంటనే యున్నది. నాచుపల్లి వద్ద 2007లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల ఈ మండలములోనిదే. ఆ కళాశాల ఆచార్యులకును విద్యార్థులకును, మండలాధికారులకును, పంచాయతీల పాలకవర్గములకును నా విన్నపము ఇది: వచ్చు వేసవికి ముందే మండలమందలి ప్రతి ప్రజాభవనము యొక్క మీటరు అంకెలను, ఫ్యానుల దీపముల సంఖ్యను, కప్పు వైశాల్యమును, పడమటి గోడకు నీడ కలదో లేదో అను విషయమును ఒక పుస్తకమున నమోదు చేసి, గ్రామసభలో చదివి వినిపించుడు. ఆ పుస్తకము చేత బట్టుకొని అడిగినపుడు, ఏ పథకపు ధనమైనను ఈ మండలమున సరియైన కప్పును చేరును.